దేవుడు విడిచిన చోటు

సముద్రానికి ఇసుకను గట్టుగా పెట్టి, అలల హోరులోనూ మన మూలుగు వినే తండ్రికి స్తోత్రం. ఈ నాలుగు మాటలూ ఆయన ఎదుటే రాస్తున్నాను.

మా నాన్నగారు చిట్టమూరు వైపు సముద్రపు ఒడ్డు పల్లెల్లో ఉపదేశి. మిషన్ దొరలు వచ్చినప్పుడు వాళ్ల ఇంగ్లీషును జనానికి తెలుగులో చెప్పే పని కూడా ఆయనదే. ఒక్క ముక్క జారిపోకూడదని ఆయన నియమం. దొర ఆగితే నాన్న అందుకోవాలి. ఆలోచన కంటే ముందే నోరు కదిలేంతగా అది అలవాటైపోయింది.

అరవైల మొదట్లో ఒక గాలివాన వెలిశాక, బియ్యమూ బట్టలూ తీసుకుని ఒక దొర వచ్చారు. జీపు ఇసుకలో దిగబడింది. ఆయన నడిచి వచ్చి, చెమట తుడుచుకుంటూ, ఎంత గాడ్‌ఫర్‌సేకెన్ చోటు ఇది అని నాన్నతో అన్నారు. జనమంతా నాన్న మొహంలోకి చూశారు. ఆయన గొంతెత్తి చెప్పేశారు.

"ఇది దేవుడు చేయి విడిచిన చోటు."

చెప్పాక ఆయన మొహం పాలిపోయింది. హైస్కూలు చదువుతున్న నేను ఆడవాళ్ల మధ్యన కూర్చుని అది చూశాను.

నా పక్కన కూర్చున్నామె పెనిమిటి గాలివానకు ముందు తెప్ప మీద వెళ్లి తిరిగి రాలేదు. శవం దొరకనివాడి విషయంలో ఆ పల్లెకు ఒక కట్టుబాటు ఉంది. ఇంక రాడని పెండ్లామే పెద్దల ముందు తన నోటితో అనాలి. అప్పటిదాకా గాజులు తీయరు, కర్మ చేయరు. కర్మ జరగనివాడు నీళ్లలోనే నిలబడి ఉంటాడని వాళ్ల నమ్మకం. ఆ సాయంత్రం పెద్దలు ఆమెను మళ్లీ అడగబోతున్నారు.

ఆ లోపే తన మాటను సరిదిద్దాలని నాన్న నన్ను వెంటబెట్టుకుని ఆమె గుడిసెకు వెళ్లారు. దారీ తెన్నూ లేని ఊరినల్లా దొరలు అట్లాగే అంటారనీ, అందులో దేవుడి ప్రమేయం లేదనీ చెప్పారు. అది నిజమే. పెళ్లయ్యాక బిట్రగుంట రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ల నోట ఆ ఇంగ్లీషు మాట రోజూ విన్నాను. చల్లారిన టీని అనేవారు, ఆలస్యమైన గూడ్సును అనేవారు, ఎండాకాలపు ఉక్కను అనేవారు. విన్న ప్రతిసారీ నాకు మాత్రం ఆమే గుర్తొచ్చేది.

ఆమె అంతా విని తలెత్తింది.

"ఊరికే అనే మాటంటుండారు. మొదట ఎవురో ఒకరు నిజంగానే అనుంటారు గదా, అయ్యగారూ?"

 సిలువ మీద ప్రాణం పోయే వేళ ప్రభువు తన తండ్రిని, నన్నెందుకు చేయి విడిచావని కేక వేసిన సంగతి నాన్న చెప్పారు. పైనుంచి జవాబు వచ్చిందా అని ఆమె అడిగింది. రాలేదని నాన్న ఒప్పుకున్నారు.

"జవాబు రాకపోయినా పిలిచినాడు," అంది ఆమె. "నా మాదిరే."

పెద్దలు వచ్చారు. ఆమె గాజుల చేతులు ఒడిలో పెట్టుకుని నోరు మెదపలేదు. వాళ్లలో ముసలాయన బతిమాలాడు.

"ఎన్నాళ్లు నిలబెడతావమ్మా వాణ్ణి, ఆ నీళ్లలో?"

ఆమె లేచి, మోకాలి లోతు నీళ్లలోకి వెళ్లి, "మామా" అని ఒక్కసారి పిలిచింది. పిలిచి, వింటున్నట్టుగా నిలబడింది. అప్పటినుంచి ప్రతి సాయంత్రం అంతే. మేము ఆ ప్రాంతం వదిలి వచ్చేదాకా ఆమె రాడన్న మాట అనలేదు. తూర్పుగాలి వీచినప్పుడు ఈనాటికీ నాకు నీళ్లలో మనిషి ఉన్నట్టే ఉంటుంది.

చదువుతున్న మీరు కూడా ఆమె కోసం నాతో తల వంచండి. తండ్రీ, పిలిచి జవాబు అందని వాళ్ల పక్కన నిలబడు. నీళ్లలో ఉన్నవాణ్ణి నీవే పలకరించు. ఆమేన్.