మాచర్లలో నేను కనిపెట్టిన సముద్రం

తన పరువుని తనే గొయ్యి తీసి పూడ్చుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. గొయ్యి తవ్వింది నేనే, పలుగు నాదే, పరువూ నాదే. చూడ్డానికి మాచర్ల సగం కదిలొచ్చింది. మద్రాసు నుంచి ఒక ప్రొఫెసరు గారు కూడా రైలెక్కి వచ్చారు. ఏర్పాట్లలో ఏ లోటూ జరగలేదు.

యుద్ధం ముగిసిన కొత్త రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు. గుంటూరులో జంతుశాస్త్రం చదివి, మాచర్లలో ఒక బడిలో సైన్సు మాస్టరుగా చేరాను. మనసు మాత్రం బడిలో లేదు, సముద్రంలో ఉంది. సముద్ర జీవుల మీద పరిశోధన చేసే ఆ ప్రొఫెసరు గారి దగ్గర సహాయకుడిగా చేరాలని నా కోరిక. మూడు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికీ జవాబు లేదు. ఇక్కడ మీకో నిజం చెప్పాలి, నవ్వకూడదు మరి. అప్పటికి నేను సముద్రాన్ని చూడనే లేదు. మాది ఈపూరు. మా ఊళ్ళో వాన పడితేనే నీళ్ళు, అవీ మోకాలు దాటవు. సముద్రం గురించి నాకు తెలిసిందంతా పుస్తకంలోదే.

ఆ ఏడు భాద్రపదంలో గట్టి వాన పడి చంద్రవంక వాగు గట్టు ఒకచోట విరిగింది. సాయంత్రం షికారుకి వెళ్ళిన నాకు ఆ విరిగిన చోట తెల్లగా ఏవో కనిపించాయి. దగ్గరికెళ్ళి చూద్దును కదా, సముద్రపు గుల్లలు! మూరెడు మందాన ఒకే పొర. దాని కింద నల్లటి పొర. దాని కింద ఎర్రగా కాలిన మట్టి. జొన్నచేల మధ్య సముద్రపు గుల్లలు!

బుద్ధి ఉన్నవాడైతే పక్కన గేదెల్ని కాసుకుంటున్న ముసలాయన్ని "ఇవేంటి తాతా?" అని అడిగేవాడు. నేను అడగలేదు. అడిగితే నా ఆవిష్కరణని ఆయన కొట్టేసి పత్రికలకి రాస్తాడని నా భయం. ఆయనకి అక్షరం ముక్క రాదన్న సంగతి నాకు తట్టలేదు. గబగబా ఇంత కంప కొట్టుకొచ్చి ఆ చోటు కప్పేశాను.

నేను కోటమ్మ పిన్ని ఇంట్లో ఒక గదిలో ఉండేవాణ్ణి. ఆవిడ నాకు చుట్టం కాదు, ఊరందరికీ పిన్నే. తమలపాకులు నమలకుండా ఆవిడ నోరు ఖాళీగా ఉండగా ఎవరూ చూడలేదు. గుట్టు బయటపడకుండా ఆవిణ్ణి మాత్రం కదిపాను.

"పిన్నీ, పూర్వం ఈ ఊళ్ళో సముద్రం ఉండేదని ఎవరన్నా అనగా విన్నావా?"

"సముద్రమా? బావిలో చేద మునగక చస్తుంటే సముద్రమంటావేందిరా అబ్బాయ్! ఎండన పడి తిరిగొచ్చావా?"

"పోనీ, అగ్నిపర్వతం?"

"మజ్జిగ పోసిస్తా, తాగి పడుకో."

పామరులకేం తెలుసని జాలిపడి ఉత్తరానికి కూర్చున్నాను. పది పేజీలు వచ్చింది. నల్లటి పొర అగ్నిపర్వతం కక్కిన బూడిద అన్నాను. ఎర్రమట్టి ఆ సెగకి మాడిపోయిన సముద్రపు అడుగన్నాను. మొత్తానికి సముద్రాన్ని పల్నాడు నుంచి తరిమేసింది అగ్నిపర్వతమేనని తేల్చేశాను. బొమ్మ కూడా వేశాను. అందులో అగ్నిపర్వతం మాచర్ల రైలు స్టేషనుకి కాస్త ఎడమపక్కగా వచ్చింది.

ఈసారి వారానికల్లా జవాబొచ్చింది. "వచ్చే ఆదివారం స్వయంగా వస్తున్నాను. మీరు రాసింది నిజమైతే, నా దగ్గర సహాయకుడి స్థానం ఒకటి ఖాళీగా ఉంది."

ఆ రెండో వాక్యంలో "నిజమైతే" అన్న ముక్క నా కంటికి ఆనలేదు. తిన్నగా మా హెడ్మాస్టరు దేవదానం గారింటికి పరిగెత్తి రాజీనామా కాగితం చేతిలో పెట్టాను.

"తొందరెందుకయ్యా? ఆ పెద్దాయన వచ్చి చూడనీ" అన్నారాయన.

"ఆయన చూసేదేముందండీ? నేను చూశాను గదా!"

"అదేనయ్యా నా భయం" అంటూ కాగితం తీసుకున్నారు.

ఆదివారం రానే వచ్చింది. రహస్యాన్ని అప్పటికి నేనే ఊరంతా చెప్పేశాను కాబట్టి స్టేషను నిండిపోయింది. ప్రొఫెసరు గారు పొట్టి మనిషి. నెత్తిన టోపీ, జేబులో భూతద్దం, నోట్లో మాట తక్కువ. ఆయన్ని ముందుంచుకుని, వెనక దేవదానం గారు, పిన్ని, ఊరి జనంతో వాగు గట్టుకి ఊరేగింపుగా వెళ్ళాం. నేను కంప తీసి పక్కన పడేసి, చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాను.

ఆయన గొంతుక్కూర్చుని ఒక గుల్లని తిప్పి తిప్పి చూశారు. "ఇవి ఎంత పాతవని మీ ఉద్దేశం?"

"కోట్ల ఏళ్ళండీ."

ఆయన పొరలోకి చెయ్యి పోనిచ్చి ఒక గోనెసంచి ముక్క బయటికి లాగారు. "మరి ఇది?"

ఈలోగా జనాన్ని తోసుకుంటూ ఒకాయన వచ్చాడు. సున్నం బట్టీ మస్తాన్ సాయిబు.

"ఏంది మాస్టారూ, నా గుల్లంతా కెలుకుతున్నారు! కంప ఎవరు కప్పారో గానీ, గేదెలు తొక్కకుండా చానా మంచి పని చేశారనుకున్నా."

"ఇవి మీవా?" అన్నారు ప్రొఫెసరు గారు.

"నావేనండీ. ఇది నా పాత బట్టీ. గట్టు కుంగుతోందని మూడేళ్ళ కింద అవతలికి మార్చుకున్నా. యుద్ధంలో రైలు పెట్టెలు దొరుకుతాయో లేదోనని నిజాంపట్నం నుంచి తెచ్చిన గుల్ల కొంత ఇక్కడ పూడ్చిపెట్టా."

"ఈ నల్లటి పొర?"

"బొగ్గూ మసీనండీ."

"ఎర్రటిది?"

"బట్టీ అడుగు. నా చేత్తో పరిచిన ఇటుకలే."

అగ్నిపర్వతం గురించి ఆయన అడగలేదు. దయగల మనిషి. "చుట్టూ ఇంత సున్నపురాయి పెట్టుకుని సముద్రం నుంచి గుల్లలెందుకు తెస్తారు?" అని మాత్రం అడిగారు.

దానికి జవాబు మా పిన్ని అందుకుంది. "రాతి సున్నం ఆకుకి రాస్తే నోరు పొక్కుద్దండీ. మా మస్తానన్న గుల్ల సున్నం వెన్నపూసే." తర్వాత నా వైపు తిరిగింది. "రోజూ సున్నం డబ్బీ పట్టుకెళ్ళి తెచ్చేది నువ్వే గదరా!"

నిజమే. రోజూ తెచ్చేది నేనే. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ప్రొఫెసరు గారు నా భుజం తట్టారు. "ఇక్కడ సముద్రం ఉండేది నిజమేనయ్యా. మీ నాపరాళ్ళన్నీ ఒకప్పటి సముద్రపు అడుగే. గుల్లలున్న ప్రాణులు పుట్టకముందే అది పోయింది. సముద్రం నిజం, మీ సాక్ష్యమే అబద్ధం." నిజం చెప్పీ ఓడిపోయిన వాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

ఇక నన్ను వదిలేసి ఆయన ఒక గుల్ల పట్టుకుని మస్తాన్ పక్కన కూర్చున్నారు. "ఇది ఎక్కడ దొరుకుతుంది?"

"ఏరు సముద్రంలో కలిసే మొగలోనండీ. మంచినీళ్ళు ఎక్కువ తగిలితే చచ్చిద్ది. ఈ లావుది బురదలో ఉంటది, కాలితో వెతకాల. ఇదేమో పడవ అడుగున పట్టుకుంటది, వానలు పోంగానే పిల్లల్ని పెట్టుద్ది. ఏటా రెండు నెల్లు ఆ ఉప్పుటేళ్ళలోనే గదండీ నా బతుకు."

ప్రొఫెసరు గారు నోటు పుస్తకం తీశారు. గంటసేపు రాస్తూనే ఉన్నారు. చివరికి పెన్ను మూసి, "నేను కొన్నేళ్ళుగా వెతుకుతున్నది మీ కోసమే. నా దగ్గర సహాయకుడిగా వస్తారా?" అన్నారు.

అడిగింది నన్ను కాదు. మస్తాన్ సాయిబు మర్నాటి రైలుకే వెళ్ళాడు. దేవదానం గారు నా కాగితం చూపించి, "చింపమంటావా?" అన్నారు. చింపమన్నాను.

అప్పట్నుంచి నెలకోసారి మస్తాన్ భార్య తన పెనిమిటి ఎవరిచేతో రాయించిన ఉత్తరం తెచ్చి నాచేత చదివించుకునేది. పడవ మీద పోవడం, వల వెయ్యడం, అద్దాల్లో పురుగుల్ని చూడటం, అన్నీ నా నోటితోనే చదివాను. ప్రతి అక్షరానికీ కుళ్ళుకున్నాను. వేసవిలో వచ్చిన ఉత్తరం చివర ఇలా ఉంది: "మన మాస్టారు సముద్రం చూడలేదంట గదా. సెలవులకి రమ్మని చెప్పు, నేను చూపిస్తా."

సిగ్గు చంపుకుని మద్రాసు వెళ్ళాను. ఒడ్డున చెప్పులతో బిగుసుకుపోయిన నన్ను మస్తాన్ చెయ్యి పట్టి లాగాడు. "దిగండి మాస్టారూ, ఇది పుస్తకం కాదు, తడుపుద్ది!"

మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో నేల మీద ఏది కనపడినా సరే, ఎవరిదో కనుక్కోకుండా వంగను, వంగినా తవ్వను, తవ్వినా ఉత్తరం రాయను.

అంతలో కాలికి ఏదో గరుగ్గా తగిలింది. వంగబోయి, ఆగాను.

"మస్తాన్ మామా, ఇది నీదా?"