గెడ్డ దాటని రోజు

బస్సు పావుగంట ఆలస్యమైందని విసుక్కుంటూ మా మనవరాలు పొద్దున నరసన్నపేట కాలేజీకి వెళ్ళింది. ఆ విసుగు వింటూ చేపలు ఆరబెడుతుంటే నడుం పట్టేసి ఇసుకలోనే చతికిలబడ్డాను, కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు.

మా ఊరికి ఒకవైపు సముద్రం, మూడువైపులా గెడ్డ, సముద్రపు పోటు ఎక్కే ఏరు. వంతెన రాకముందు రేవు పడవ తప్ప వేరే దారి లేదు, అదీ పడవ నడిపే తాతకు బుద్ధి పుట్టినప్పుడే కదిలేది. పదిహేనేళ్ళ వయసులో నాకూ, మా మేనత్త కూతురు వదినకీ ఆ ఇసుక మీద కాలు నిలిచేది కాదు; ఆమదాలవలసలో రైలెక్కితే చాలు, ఎక్కడ దిగినా పరవాలేదనుకునేవాళ్ళం. నా ఈడువాళ్ళకు ఆ ఉబలాటం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఊళ్ళో పదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్లలం మేమిద్దరమే, పాసైతే విజయనగరంలో నర్సు ట్రైనింగ్ అని మాస్టారు ఆశపెట్టారు.

పరీక్షలేమో గెడ్డ అవతలి బడిలో. సరిగ్గా ఆఖరి పరీక్షనాడే అమ్మవారి పండగ పడింది. ఆ రోజు పడవలన్నీ ఒడ్డుకు లాగేస్తారు, ఎవరూ గెడ్డ దాటకూడదు. దాటితే చేపల వేటకెళ్ళే మగవాళ్ళకు కీడని నాయనమ్మ చెప్పేది. మా నాన్న రోజూ వేటకే వెళ్ళేవాడు.

నీరు తీసిన వేళ నడిచి దాటేద్దామని రెండు రోజుల ముందే వెళ్ళి చూసుకున్నాం, తెల్లవారగానే మోకాలి లోతుంది. నీరు తీసే ఆటు వేళ రోజుకో ముప్పావుగంట ఆలస్యమవుతుందని వేటవాళ్ళింట్లో పసిపిల్లకైనా తెలుసు, మా ఇద్దరి తెలివికే తట్టలేదు. పండగనాడు అదే వేళకు దిగితే నీళ్ళు నడుం దాటాయి, తగ్గేదాకా ఆగితే పరీక్ష వేళకు చేరలేం. వదిన హాల్ టికెట్‌ను నెత్తిన గుడ్డలో కట్టుకుని మెడలోతున దాటేసింది. నేను సగంలో ఆగిపోయాను.

“ఒలే, రాయే! ఏటాలోసిస్తన్నావు? నానట్టుకుంటాను” అంటూ మళ్ళీ నీళ్ళలోకి దిగి చెయ్యి చాపింది. నీళ్ళెక్కువున్నాయని అరిచి వెనక్కొచ్చేశాను. ఈత రాక కాదు, సిగ్గు విడిచి చెబుతున్నాను, భయమేసింది, నాన్న గుర్తొచ్చాడు.

సాయంత్రానికి సంగతి తెలిసి ఊరి పెద్దలు కూర్చున్నారు. వదిన గతేమవుతుందోనని తలుపు చాటున నక్కాను. ఇంతా చేసి వాళ్ళు వేసిన శిక్ష, అమ్మవారి ముందు నెత్తిన ఒక బిందెడు పసుపునీళ్ళు. తడిబట్టలతో నవ్వుకుంటూ వచ్చింది. మర్నాడు నాన్న ఎప్పట్లాగే వేటకెళ్ళి ఎప్పట్లాగే వచ్చాడు.

వదిన నర్సయింది. నన్ను మళ్ళీ పరీక్ష రాయమని మాస్టారన్నారు గానీ, అప్పటికే ఊళ్ళోనే పెళ్ళి కుదిర్చేశారు. మొగుడు మంచివాడే, చేపలు ఎండబెట్టాను, పిల్లల్ని పెంచాను, అలిసిపోయాను.

ఇప్పుడు పండగనాడు కూడా వంతెన మీద ఆటోలు ఆగవు, ఆ కట్టుబాటు సంగతే పిల్లలకు తెలియదు. ఊరు కట్టేసింది కాబట్టి చదువు పోయిందని ఇన్నాళ్ళూ అందరితో చెప్పుకుంటూ వచ్చాను. నిజానికి ఆ పొద్దున ఆ గట్టు మీద నన్ను ఆపడానికి ఒక్కరూ లేరు.