భీమిలి రాళ్ళ మీద నేను చూడని సీల్

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో చలిదేశపు తీరం చూపించింది. రాళ్ళ మీద సీల్ జంతువులు పొట్టలు ఎండకు పెట్టి పడుకున్నాయి, ఒకటి జారి నీళ్ళలో దిగి గుండ్రటి తల మాత్రం పైకి పెట్టి ఈదుతోంది. "తాతయ్యా, ఎప్పుడైనా చూశావా?" అంది. లేదన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు యాభై ఏళ్ళకు పైగా పట్టింది.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మా నాన్నకు బదిలీ అయి భీమిలి నుంచి నాంపల్లి వచ్చాం. ఎనిమిదో తరగతితో చదువు మానేసి అబిడ్స్‌లో ఒక గొడుగుల దుకాణంలో కుదిరాను గాని, నా ప్రాణమంతా మా వీధి చివరి గ్రంథాలయంలోనే ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు నాకు నేనే కూడబలుక్కున్నవాణ్ణి. ఆ గర్వం ఇప్పటికీ పోలేదు. గ్రంథాలయం చూసే పెద్దాయనే మా ఇంటి యజమాని, పాతకాలపు హైదరాబాదీ, మెత్తని మనిషి. ఆదివారం సాయంత్రాలు ఒక పాఠకుణ్ణి లేపి, ఆ వారం చదివింది అందరికీ చెప్పమనేవారు. అక్కడ అటెండరు పని ఖాళీ అయితే, నా పేరే పైకి రాస్తానని మా నాన్నతో అన్నారు.

ఆ వారమే నా వంతు వచ్చింది. సీల్స్ గురించిన పుస్తకం బొమ్మలున్నంతవరకే చదివి, సముద్రం వెనక్కి తగ్గగానే అవి రాళ్ళెక్కుతాయనీ, ఒకదాన్నొకటి తగలనివ్వకుండా పడుకుంటాయనీ, తలా తోకా పైకెత్తితే అరటిపండులా ఉంటాయనీ ఉత్సాహంగా చెప్పుకుపోయాను. పక్కింటి బట్టల వ్యాపారి లేచి, "ఏంది భయ్, సముద్రం కాడికెల్లే వచ్చినవ్ గద, నువ్వు సూడలేదా? అన్నిట్నీ మీవోళ్ళు పులుసు పెట్టుకొని తిన్నరా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండి, "చూడకేం, భీమిలి రాళ్ళ మీద చిన్నప్పుడు రోజూ చూసేవాణ్ణి" అనేశాను.

పెద్దాయన సంబరపడి, మన తీరం గురించి ఏం రాశారో చూద్దామని అదే పుస్తకం తిరగేసి, నేను చదవని పేజీ పైకి చదివారు. అవి ఎక్కువగా చలి సముద్రాల్లోనే ఉంటాయట, మన వైపు లేనే లేవట. ఆయన పుస్తకం మూసి, "చదివింది మంచిగ చెప్పినవ్ బిడ్డా. చూడంది చూసిన్నని ఎందుకన్నవ్? గీ బీరువాల తాళాలు నీకు ఎట్లియ్యాలె?" అన్నారు నెమ్మదిగా. ఆ పని వేరొకరికి వెళ్ళింది.

అంతటితో పోయినా బాగుండేది. ఆంధ్రావాణ్ణి గనకే ఆయన నాకు పని ఇవ్వలేదని దుకాణంలోనూ చుట్టాల్లోనూ ఏళ్ళ తరబడి చెప్పుకున్నాను. స్థానికులు, ఆంధ్రావాళ్ళు అంటూ నగరంలో గొడవలు లేచిన రోజుల్లో ఆ మాట మరింత పాకి, మావాళ్ళు ఆయన్ని పలకరించడం మానేశారు. అది ఆయన చెవినా పడింది. అయినా కిరాయి పెంచలేదు, ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు, అసలు జరిగిందేమిటో ఎవరితోనూ అనలేదు. ఆయన పోయిన రోజు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి అడుగుపెట్టలేక తిరిగొచ్చాను.

ఇప్పుడు ఆ వీధినిండా అంతస్తుల ఆఫీసులే, ఎవరెక్కణ్ణుంచి వచ్చారో ఎవరికీ పట్టదు. పెద్దాయన మాట వస్తే మాత్రం, మా బంధువుల్లో మిగిలిన ఒకరిద్దరు నేటికీ అనేది ఒకటే: ఆంధ్రావాళ్ళంటే గిట్టని మనిషి.