అమ్మ అడిగిన మాట

ఎండాకాలంలో కూడా మణికట్టుదాకా చేతులున్న రవికె తొడుక్కునే టీచరమ్మను బత్తలపల్లెలో నేనొక్కదాన్నే. చేతుల మీద ఒత్తుగా వెంట్రుకలున్నాయని చిన్నప్పటి నుంచీ నాకు సిగ్గు. మా పక్కింటి హుసేన్‌బీ చక్కెర, నిమ్మరసం కాచిన పాకంతో పెళ్లికూతుళ్లకు వెంట్రుకలు తీస్తుంది. ఈ రోజు ధైర్యం చేసి ఆమె దగ్గరికి వెళ్లాను.

ముందు మోచేతి కింద కాస్త చోట మాత్రం గోరువెచ్చని పాకం పూసి, పైన గుడ్డపీలిక అద్ది, చర్మం బిగించి పట్టుకుని ఒక్క లాగు లాగింది. కెవ్వుమన్నాను.

"మొదటిసారి అట్లే ఉంటాది పాపా. దద్దు లేస్తాదేమో చూసి మిగతాది చేస్తా. రేపటిదాకా వేన్నీళ్లు పోసుకోవద్దు, సోపు రుద్దొద్దు" అంది.

దద్దు లేవలేదు. రెండు చేతులూ అయ్యేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, ఎర్రబడ్డ చేతులకు గాలి తగులుతుంటే ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి చెల్లెలి పొట్టి చేతుల రవికె తొడుక్కున్నాను.

"దేవుడిచ్చినవి యాడన్నా పీకిస్తారా?" అని పొద్దున తిట్టిన అమ్మ, ఇందాక రొట్టెలు కాలుస్తూ నా చెయ్యి నిమిరి చూసింది.

"శానా నొప్పి పుట్టిందా?"

"మొదటిసారి లాగినప్పుడేనమ్మా. ఆ తర్వాత ఓర్చుకోవచ్చు."

అమ్మ తన పైపెదవి తడుముకుంది. "ఈడ గూడా తీస్తాదేమో అడుగు. మీ నాయనకు చెప్పొద్దు" అంది.

మా అమ్మ కూడా అద్దంలో తనను తాను చూసుకుంటుందని నాకు ఈ రోజే తెలిసింది. మీ అమ్మలు మిమ్మల్ని ఇలాంటివి ఎప్పుడైనా అడిగారా?