దేవుని కుండలో పురుగులు

నా చిన్నప్పుడు మా చర్చి సంఘం ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసేవాళ్లు. ఆదివారం ఆ బియ్యం తెచ్చి ప్రార్థన గుడి గుమ్మం దగ్గరి మట్టికుండలో పోసేవాళ్లు. దాన్ని దేవుని కుండ అనేవాళ్లం. మాది మణుగూరు వైపు అడవి అంచు ఊరు, ఇరవై గడపలకు మించని సంఘం. కుండలో ఎన్ని సోలలున్నాయో నేను చూపుతోనే చెప్పేదాన్ని. అది నిండితే మా సంఘం చాలా మంచిదని అనుకునేదాన్ని. ఎంత ఉందో చూశాను గానీ ఏముందో ఎన్నడూ చూడలేదు.

ఆ బియ్యం ఊరి చివర గుడిసెలో ఒంటరిగా ఉండే ఒక అక్కకు పోయేది. ఇప్పపువ్వు ఏరడానికి తెల్లవారుజామున అడవికి పోతే ఎలుగుబంటి మీదపడి ఆమె ముఖం చీరేసింది. ఒక కన్ను పోయింది, దవడ పక్కకు జరిగింది. నమలలేదు కాబట్టి బియ్యం గంజి కాచుకుని తాగేది. తాగినదాంట్లో సగం గడ్డం మీదుగా కారిపోయేది. గుడిలో ఆమె పక్కన చాప ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఆమెను చూస్తే నాకూ రోతగానే ఉండేది.

ఒక వానాకాలం ఆమె మంచం పట్టిందని తెలిసి మా నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. పొయ్యి మీది గంజిలో తెల్లటి పురుగులు తేలుతున్నాయి. పక్కనే సంఘం ఇచ్చిన బియ్యం మూట ఉంది. విప్పగానే ముక్కిన వాసన గుప్పుమంది. లోపల తుట్టెలు కట్టి ఉండలైన నూకలు. నాలుగోవంతు కూడా మంచి గింజ లేదు. మిగిలిన ఆ ఒక్క కంటికి పురుగు ఆనదు. తాగడం, కక్కుకోవడం, మళ్లీ అదే కాచుకోవడం. మనిషి సగమైపోయింది. ఇంకో నెల అట్లాగే గడిస్తే బతికేది కాదు.

నాయనమ్మ గంజి పారబోసి వచ్చింది. ఆ రోజు నుంచి బియ్యం చేర్చే పని తనే అడిగి తీసుకుని, మా ఇంటి మంచి బియ్యమే ఆమెకు పంపుతూ, దేవుని కుండలోది మాత్రం ఒక గోనెసంచిలోకి ఎత్తి దాచింది.

కోత పండుగ వచ్చింది. గుడిలో అందరం కలిసి తినే ప్రేమ విందుకని ఇంటింటివాళ్లూ కొత్త సన్నబియ్యం ఇచ్చారు. వంట బాధ్యత మా నాయనమ్మది. ఆ ఉదయం పాస్టరుగారు బలహీనుల మీద దేవునికి ఉన్న జాలి గురించి చాలాసేపు చెప్పారు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. తర్వాత విస్తళ్ల ముందు కూర్చున్నారు.

నాయనమ్మకు అల్లుడి వరసయ్యే సంఘపెద్ద ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు.

“ఏందత్తా, అన్నంల పురుగులున్నయ్. కండ్లు కనబడ్తలేవా?”

“మంచిగ కనబడ్తున్నయ్ అల్లుడా. ఏరలేదు.”

“ఏరకుంట పెడ్తవా? ఏం బియ్యం గివి?”

“దేవుని కుండలయి. మీరు ఏసినయే. మా కోడలు ఏసినయి గూడ అండ్లనే ఉన్నయ్.”

“మరి మేమిచ్చిన సన్నబియ్యం ఏమైనయ్?”

“ఆ పిల్ల గుడిసెకు పంపిన. తిను అల్లుడా, ఆమె నిరుటి సంది ఈ వానలదాక ఇదే తిన్నది.”

ఎవరో బయటికి పరుగెత్తి కక్కుకున్నారు. మా అమ్మ తల దించుకుంది. పాస్టరుగారు విస్తరిని మెల్లగా ముందుకు నెట్టేశారు. అప్పటిదాకా ఆయన మాటలకు తడిసిన అందరి కళ్లలో ఇప్పుడు కోపం తప్ప ఇంకేమీ లేదు. నాయనమ్మ నా విస్తట్లోనూ అదే వడ్డించింది, తనూ అదే తినసాగింది. నేను విస్తరి ముట్టలేదు.

కాస్త తేరుకుని విందుకు వచ్చిన ఆ అక్క ముందు మాత్రం ఒక గిన్నెలో మెత్తగా వండిన తెల్లటి సన్నన్నం ఉంది. ఆమె రెండు ముద్దలు తిని చెయ్యి ఆపింది. చీలిన పెదవి నుంచి మాట గాలితో కలిసి వచ్చింది.

“పెద్దమ్మా, పిలగాండ్లకు అది పెట్టకు. తిన్నదాన్ని, నాకెరుక అదెట్లుంటదో. నా గిన్నెలది పెట్టు.”

నాయనమ్మ అంతసేపూ బిగించి పెట్టుకున్న ముఖం ఒక్కసారిగా సడలింది. ఆ మాట తన ఉపాయంలో లేదు. లేచి వచ్చి, ఆ గిన్నెలోది తీసి పిల్లల విస్తళ్లలో తలా కొంచెం పెట్టింది. ఆ అక్క గడ్డం మీది చుక్క అందులో పడే ఉంటుంది. నేను తిన్నాను. రోత అనిపించలేదు. తలెత్తి చూస్తే నాకు రోత పుట్టించినవి ఆమె ముఖం చుట్టూ ఉన్న ముఖాలు, శుభ్రంగా కడుక్కుని, నూనె రాసుకుని, పండుగ బట్టలు కట్టుకుని వచ్చినవి.

తర్వాత కుండలోకి మంచి బియ్యమే వచ్చింది. ఆమె మీద జాలితో అని నేను నమ్మలేదు. మళ్లీ తమకే వడ్డిస్తారన్న భయంతో వచ్చిందని నా లెక్క. ఆమె కోలుకుంది, అది నిజం.

దేవుని కరుణ ఎట్లా ఉంటుందని నన్నెవరైనా అడిగితే, ఇప్పటికీ ఆమె గిన్నె మీద చెయ్యి ఆపడమే చెబుతాను. తనకు పురుగులు పెట్టినవాళ్ల పిల్లలకు అవి పెట్టొద్దన్నది ఆమె. ఇప్పుడు గోదావరికి వరద వచ్చినప్పుడల్లా సాయమంటూ ఎవరెవరో చిరిగిన చీరలు, గడువు దాటిన బిస్కెట్లు మోసుకొచ్చి ఫోటోలు దిగుతుంటే నాకు రోత పుడుతూనే ఉంటుంది. మా సంఘం నుంచి పోయే బియ్యం మూటలు కట్టే పని నాదే. ప్రతి మూటలోంచి ఒక పిడికెడు తీసి, వండి, అందరి ముందే కూర్చుని తింటాను. ఈమెకేదో పట్టిందని కొందరు నవ్వుతారు. నవ్వనీ. తిన్నాకే మూట మూతి బిగిస్తాను.