సగం నీళ్ల సీసా

బొమ్మ విమానం కాదని ఎన్నిసార్లు చెప్పాలి? రెక్కల పొడవు రెండు మీటర్లు. ఫిరంగుల వాళ్లు దాన్ని గురిలో పట్టుకోవడం నేర్చుకునేవారు. సరే, వినండి.

మా లారీ ప్రొద్దుటూరు దాటి, జమ్మలమడుగు అవతలి క్యాంపుకి మధ్యాహ్నం రెండూ పదికి చేరింది. నల్లరేగడి నేల. ఆరు గుడారాలు. పడమటి గాలి. ఫోన్‌కి ఒక్క గీత సిగ్నల్. వైజాగ్‌లో పెరిగినవాణ్ణి, దిగగానే ఒళ్లు మండింది.

రిమోట్‌తో విమానం నడిపేది పులివెందుల హవల్దారు. నేను సహాయకుణ్ణి. విమానం కడుపులో అగ్గిపెట్టెంత స్టెబిలైజర్. గాలికి రెక్క వంగితే అదే సరిచేస్తుంది. ఒకటే షరతు. స్విచ్ వేసినప్పుడు విమానం ఎలా ఉంటే అదే సమమని నమ్ముతుంది. అందుకే హవల్దారు ముందుగా బల్ల మీద సగం నీళ్ల సీసాని పడుకోబెట్టి, వాలు చూసేవాడు.

"సీసా చూడకుండా స్విచ్ ముట్టొద్దప్పా."

అప్పటికే ఒక విమానం కూలింది. ఇదీ పోతే రిమోట్ ఇంకొకరికి ఇస్తానన్నాడు కెప్టెన్. పదేళ్లుగా ఆ రిమోటే హవల్దారు పరువు.

క్యాంపు ఆఖరి రోజు, ఉదయం 6:40. బల్ల లారీ ఎక్కేసింది. నేను విమానాన్ని జీపు బానెట్ మీద పెట్టి, వీడియో తీసుకుంటూ స్విచ్ వేశాను.

పైకి లేచింది. రిమోట్ మీది స్టిక్ వదిలితే ఎడమకే వాలుతోంది.

"ఏందప్పా ఇది? సగం కుడికి పట్టుకుంటేనే తిన్నగా పోతాంది. నా చెయ్యేమన్నా వంకర పోయిందా?"

"గాలి, మామా!" అన్నాను.

"స్టెబిలైజర్ ఆపేస్తాండా."

"వద్దు! ఈ గాలికి అదే దిక్కు!" అరిచాను.

నా మాట విన్నాడు. దిగేటప్పుడు కుడి రెక్క కింద గాలి కొట్టింది. స్టిక్‌ని కుడి చివరికి నెట్టాడు. సగం ముందే వాడేశాడు, మిగిలింది సగమే. చాల్లేదు. ఎడమ రెక్క రేగడిలో దిగబడి విరిగింది.

రేడియోలో కెప్టెన్: "కారణం?"

"నా చెయ్యి తప్పింది సార్. ఓవర్."

ఆయన్ని స్టోర్ గదికి మార్చారు. నా సర్వీసు గడువు ముగిసింది.

ఇంటికొచ్చాక వీడియో చూశాను. బానెట్ వాలుకి ఎడమ రెక్క కిందికుంది. వెనకాల హవల్దారు విమానాన్నే చూస్తున్నాడు. చేతిలో సీసా. చూసి ఊరుకున్నాడా? తొందరలో మర్చిపోయాడా? ఆయనకి వీడియో పంపాను.

"అదంతా తీసెయ్యప్పా. చీనీకాయలు దిగినాయి, తినేకి రా," అని జవాబు.

తీసెయ్యలేదు. కళ్లు మూసినా ఆ సీసాలో నీళ్లు కదులుతూనే ఉన్నాయి. ఇప్పుడు నా ముందు నిలబడి, అది బొమ్మ విమానమని అనగలరా?