తారాబలం లేని కంప్యూటర్

నా ఏసీ గదిని ఆక్రమించిన మనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు. ఇరవయ్యేళ్లు దాటినా ఆ పగ నా దగ్గర కొత్తావకాయంత ఎర్రగా, ఘాటుగా ఉంది. అప్పుడప్పుడూ మూత తీసి వాసన చూసుకుంటూ ఉంటాను.

రెండు వేల నాలుగు ప్రాంతంలో రాజమండ్రిలో ఒక విత్తనాల కంపెనీలో పనిచేసేవాణ్ని. ముప్పై పైచిలుకు కంప్యూటర్లు, వాటన్నిటికీ ఒక నెట్‌వర్కు, ఆ నెట్‌వర్కుకి నేను. ఆఫీసు మొత్తానికి ఒకటే ఏసీ. అది మనుషుల కోసం పెట్టింది కాదు, సర్వర్ కోసం పెట్టింది. సర్వర్ అంటే మిగతా కంప్యూటర్లన్నిటికీ అన్నం పెట్టే పెద్ద కంప్యూటర్. వేడి తగిలితే అలిగి పడుకుంటుంది. దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడమే నా ఉద్యోగం. బయట గోదావరి ఇసుకలో చేపలు వాటంతటవే వేగిపోతుంటే, నేను లోపల స్వెట్టరు తొడుక్కుని, వణుకుతూ టీ తాగేవాణ్ని.

ఆఫీసు పాలన చూసే ఏ.ఓ. గారికి ఈ వైభోగం కంటగింపయింది. ఎండలు మొదలైన ఒక ఉదయం వెళ్లేసరికి, నా కుర్చీ ఉండాల్సిన చోట ఆయన టేబులు ఉంది.

"నాకు బీపీ ఉందయ్యా. డాక్టరు చల్లగా ఉండమన్నాడు" అన్నారు.

"మరి నేనెక్కడ కూర్చోనండి?"

"నీకేం, కుర్రాడివి. వరండాలో బ్రహ్మాండంగా గాలాడుతుంది."

వారం తిరక్కుండా సర్వర్‌ని కూడా నా వెనకాలే గెంటేశారు. దాని హోరుకి మధ్యాహ్నం పూట ఆయనకి ఫైళ్ల మీద మనసు నిలవడం లేదట. ఆ ఫైళ్లు చూసేటప్పుడు ఆయన పెట్టే గురకకి వీధి చివర ఆటోవాళ్లు ఇంజన్ పాడైందేమోనని దిగి చూసుకునేవారు. అది వేరే సంగతి.

వరండాలో సిమెంటు రేకు కింద, మంచినీళ్ల కుండల పక్కన, నేనూ సర్వరూ. నీళ్లు తాగడానికి వచ్చిన ప్రతివాడూ గ్లాసులో మిగిలింది నా కాళ్ల మీద విదిలించి పోయేవాడు. ఉన్న ఒక్క ఫ్యానూ సర్వర్ వైపు తిప్పి, నేను విసనకర్రతో సరిపెట్టుకున్నాను. నాకు కారిన చెమటని కాలవలోకి మళ్లిస్తే కోనసీమలో మూడో పంట పండేది. ఆ కుండల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: నేను ఆ గదిలోకి తిరిగి వెళ్లాలి. ఆయన తన టేబులు తనే ఈడ్చుకుంటూ ఈ కుండల దగ్గరికి రావాలి.

అవకాశం హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి కొరియర్లో, సీడీ రూపంలో వచ్చింది. కంప్యూటర్లలో ఒక కన్నం బయటపడిందనీ, దాన్ని మూసే ప్యాచ్ ఇందులో ఉందనీ, అన్నిటికీ వెంటనే వేయమనీ కబురు. పూర్వమైతే సీడీ పట్టుకుని శుభలేఖలు పంచినట్టు టేబులు టేబులుకీ తిరిగేవాణ్ని. అప్పటికి సర్వర్ నుంచే ఒక్క తోపుతో అన్నిటికీ పంపే విద్య పట్టుబడింది. భోజనానికి వెళ్లేటప్పుడు ఎవరూ సిస్టం కట్టేయకుండా ఉంటే చాలు. పెరుగన్నం తిని వచ్చేలోగా ప్యాచ్ పడి, యంత్రం ఒకసారి ఆరి, మళ్లీ వెలిగి కూర్చుంటుంది.

అయితే మా ఆఫీసులో కొత్త స్టేప్లర్‌తో పిన్ను కొట్టాలన్నా ముహూర్తం ఉండాలి. అది ఏ.ఓ. గారి రూలు. ఆయన పంచాంగం తెరిచి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చారు.

"శుక్రవారం పన్నెండు దాటాక, రాహుకాలం వెళ్లాక వేసుకో. నా సిస్టం మాత్రం ముట్టుకోకు. ఆ రోజు నా నక్షత్రానికి తారాబలం లేదు. నైధన తార, చావు తార."

"ప్యాచ్ పడకపోతే వైరస్ దూరుతుందండి. పైగా ఇంటర్నెట్ ఉన్నది మీ ఒక్కరి సిస్టానికేనండి." షేర్ల ధరలు చూసుకోవడానికి ఆయన ప్రత్యేకంగా ఫోను లైను వేయించుకున్నారు.

"నాకు చెప్పొచ్చావా? మంచిరోజు చూసి నేనే చెబుతాలే."

పక్కనే బిల్లులు పట్టుకుని నిలబడ్డ అకౌంట్స్ మేడం వైపు తిరిగాను. "విన్నారు కదండీ?"

"శుభ్రంగా విన్నానండి" అందావిడ. ఆవిడ తయారు చేసిన రిపోర్టులన్నీ ఆయన తనవేనని హైదరాబాద్ పంపుతుండేవారు.

"ఆయ్, అలాగేనండి" అన్నాను ఏ.ఓ. గారితో. అంత వినయం నా పెళ్లిలో మామగారి దగ్గర కూడా చూపించలేదు. శుక్రవారం అందరికీ ప్యాచ్ పడింది. మంచిరోజు సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. నేనూ గుర్తు చేయలేదు. పొలం గట్టున కొంగలా ఒంటికాలి మీద నిలబడి ఎదురుచూశాను.

కొన్ని వారాలకి, రోహిణి కార్తెలో ఒక శుక్రవారం ఉదయం, హెడ్డాఫీసు పెద్దసారు వచ్చారు. ఖరీఫ్ లెక్కలు చూపించమన్నారు. ఏ.ఓ. గారు సిస్టం తెరిచారో లేదో, తెర మధ్యన ఒక డబ్బా ప్రత్యక్షమై అంకెలు వెనక్కి లెక్కపెట్టసాగింది.

"ఏమయ్యోయ్! ఇదేంటి, నిమిషంలో ఆరిపోతానంటోంది!"

"అన్న మాట మీద నిలబడుతుందండి" అన్నాను గుమ్మంలోంచి.

నిలబడింది. ఆరింది. వెలిగింది. మళ్లీ లెక్క మొదలెట్టింది. నేను చెప్పిన వైరస్ దూరనే దూరింది. ఆయన బీపీ అంకెలు మాత్రం ముందుకే పోయాయి. పెద్దసారు విసుగ్గా లేచి అకౌంట్స్ మేడం సిస్టం దగ్గరికి వెళ్లారు. అది చక్కగా పనిచేస్తోంది.

"ఇది బాగానే ఉందే?"

"అందరివీ బాగానే ఉన్నాయండి. ఏ.ఓ. గారి సిస్టానికి మాత్రం తారాబలం కుదరలేదండి" అందావిడ. అది ఏం బలమో పెద్దసారు అడిగితే, హరికథలా తాళం వేసి మరీ వివరించింది.

ఏ.ఓ. గారు నన్ను పక్కకి లాగారు. "బాబ్బాబు, నీకు పుణ్యముంటుంది. ఆ ప్యాచేదో తగలెయ్యి."

"ఇప్పుడు రాహుకాలం నడుస్తోందండి."

"రాహుకాలం లేదు, గీహుకాలం లేదు! వెయ్యి!"

"సర్వర్ పెనంలా కాలిపోతోందండి. ఏసీలో పెడితేగానీ మాట వినేలా లేదండి."

సీడీ నా చొక్కా జేబులోనే ఉంది. దాంతో ఆయన సిస్టం బాగుచేయడం టీ తాగినంత పని. కానీ టీ అప్పుడు తాగాలనిపించలేదు.

ఈలోగా పెద్దసారు వరండాలోకి వచ్చి సర్వర్ మీద చెయ్యి వేసి, చురుక్కుమంటే తీసేసుకున్నారు. "దీన్ని కుండల పక్కన పెట్టిన మహానుభావుడెవరు?"

అందరూ ఒకేవైపు చూశారు.

టేబులు బరువైంది. ఏ.ఓ. గారు ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టమన్నట్టు నా వైపు చూశారు. నేను సర్వర్‌కి గుడ్డతో ముఖం తుడుస్తూ చాలా పనిలో ఉన్నాను. ఆ టేబులు గచ్చు మీద కీచుమంటూ వరండాదాకా వెళ్లిన చప్పుడుకి సాటి వచ్చే సన్నాయి నేను ఇంతవరకూ వినలేదు.

మిగిలిన వేసవంతా నాకు విపరీతంగా దాహం వేసేది. గంటకోసారి ఏసీ గదిలోంచి లేచి కుండల దగ్గరికి వెళ్లి, తాగినంత తాగి, మిగిలింది విదిలించేవాణ్ని.

అక్కడితో వదిలేస్తే అది పగ ఎలా అవుతుంది? హెడ్డాఫీసు నుంచి నెలనెలా కొత్త ప్యాచ్ వచ్చేది. సిస్టం ఆరి వెలిగినా చేస్తున్న పని పోకుండా, అందరికీ భోజనాల వేళ పంపేవాణ్ని. ఆయన ఒక్కరికోసం మాత్రం స్వయంగా పంచాంగం కొన్నాను. నైధన తార ఏ రోజో చూసి, ఆయన హెడ్డాఫీసుకి పొడుగాటి ఉత్తరం టైపు చేస్తూ చివరి పేరాలోకి వచ్చేదాకా ఓపిక పట్టి, అప్పుడు స్వెట్టరు సర్దుకుని, మీట నొక్కేవాణ్ని.